‘అంచనా’ ఎవరిది? – అమ్మకాలు, కార్యకలాపాల ప్రణాళిక: శంషాబాద్ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

పరిశోధన సారాంశం:

రాబోయే నెలల్లో ఎంత అమ్ముడుపోతుందో ముందుగా లెక్కగట్టి, ఆ లెక్కకు తగినట్లు ఉత్పత్తిని, సిబ్బందిని, నిల్వలను, పెట్టుబడిని అమర్చుకొనే పద్ధతిని వ్యాపార సంస్థలు ‘సేల్స్ అండ్ ఆపరేషన్స్ ప్లానింగ్’ అని వ్యవహరిస్తున్నాయి. తెలుగులో దీనిని ‘అమ్మకాలు, కార్యకలాపాల ప్రణాళిక’ అనవచ్చు. వాణిజ్య శాస్త్ర గ్రంథాలు దీనిని నిర్వహణ నైపుణ్యంగా మాత్రమే వివరిస్తాయి. ఈ వ్యాసం దీనిని ఒక భాషావ్యవహారంగా చదువుతుంది. ‘అంచనా’, ‘గిరాకీ’, ‘ఏకాభిప్రాయం’ అనే మూడు మాటలను ఆధారం చేసుకొని, శంషాబాద్ విమానాశ్రయ చరిత్రను, 2025 డిసెంబరులో విమానయానంలో తలెత్తిన సంక్షోభాన్ని, సిరిసిల్ల చీరల ఉత్పత్తిని పరిశీలిస్తూ, అంచనా తప్పినప్పుడు ఆ భారం ఎవరిమీద పడుతుందో విచారిస్తుంది.

కీలకపదాలు: అంచనా, గిరాకీ, ఏకాభిప్రాయం, ప్రణాళిక, శంషాబాద్, విమానయానం, వృత్తిపదజాలం.

1. ప్రవేశిక

శంషాబాద్ అనగానే ఇప్పుడు ఎవరికైనా స్ఫురించేది విమానాశ్రయమే. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరిగి, అదే నెల 23 నుంచి వాణిజ్య విమానాల రాకపోకలకు తెరుచుకొన్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఆ ఊరి పేరును దేశాంతరాలకు చేర్చింది. దాని చుట్టూ సరుకు రవాణా కేంద్రాలు, ఔషధాల శీతల గిడ్డంగులు, విమాన భాగాల తయారీ, మరమ్మతు పరిశ్రమలు పెరిగాయి. ఈ ప్రాంతంలో ప్రతి పని వెనుకా ఒక అంకె ఉంటుంది. రేపు ఎందరు ప్రయాణికులు వస్తారు, వచ్చే నెల ఎన్ని పెట్టెల మందులు ఎగుమతి అవుతాయి, పదేళ్ల తరువాత ఎన్ని ఇంజన్లు మరమ్మతుకు వస్తాయి అనే అంకెలవి. 2025 నవంబరులో ఇక్కడ ప్రారంభమైన సఫ్రాన్ సంస్థ ఇంజన్ల నిర్వహణ కేంద్రాన్నే చూస్తే, అది 2035 నాటికి ఏటా 300 ఇంజన్లను మరమ్మతు చేసే లక్ష్యంతో నిర్మితమైంది. ఇంకా రాని ఇంజన్ల కోసం ఈనాడే గోడలు లేచాయన్న మాట.

ఈ అంకెలను తయారుచేసే పద్ధతిపై వాణిజ్య శాస్త్రంలో విస్తారమైన రచన ఉంది. తెలుగు శాఖల నుంచి మాత్రం దీనిపై దృష్టి పడినట్లు కనిపించదు. వ్యాపారం మన పని కాదనే భావన ఇందుకు ఒక కారణం కావచ్చు. కానీ ప్రణాళిక మొదట మాటల్లో రూపుదిద్దుకొంటుంది; సమావేశంలో ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు అభ్యంతరం చెబుతారు, చివరకు ఒక వాక్యం నిర్ణయంగా మిగులుతుంది. మాటలతో జరిగే పని ఏదైనా భాషా సాహిత్య విమర్శకుని పరిధిలోనిదే. కథలో కథకుడు ఎవరు అని అడిగే అలవాటు ఉన్నవారు, అంచనాలో అంచనాకర్త ఎవరు అని కూడా అడగవచ్చు.

2. ప్రణాళికా విధానం – స్వరూపం

ఈ విధానానికి మూలం అమెరికా కర్మాగారాల్లో ఉంది. 1975లో జోసెఫ్ ఆర్లికీ గ్రంథంతో ప్రసిద్ధమైన ముడిసరుకు అవసరాల ప్రణాళిక, ఒక వస్తువు తయారీకి ఏ భాగం ఎప్పుడు ఎంత కావాలో లెక్కగట్టింది. అయితే ఆ లెక్క మొదలయ్యేది అమ్మకాల అంకెతోనే. ఆ అంకె సరికాకపోతే కింద ఉన్న లెక్క ఎంత నిర్దుష్టమైనా ప్రయోజనం లేదు. ఈ చిక్కును తీర్చడానికి 1980లలో ఆలివర్ వైట్ సంస్థ వృత్తంలో రిచర్డ్ లింగ్ మొదలైనవారు అమ్మకాల విభాగాన్ని, తయారీ విభాగాన్ని నెలకొకసారి ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే పద్ధతిని రూపొందించారు. తరువాత థామస్ వాలెస్ తన కరదీపికలో దీనిని అయిదు అంచెలుగా స్థిరపరిచాడు. ముందు గత నెల వివరాల సేకరణ, తరువాత గిరాకీ అంచనా, ఆపైన సరఫరా సామర్థ్యాన్ని సరిచూడటం, ఆ రెండింటికీ పొసగని చోట్లను చర్చించే సన్నాహక సమావేశం, చివరగా ఉన్నతాధికారుల నిర్ణయ సమావేశం. సాధారణంగా 18 నుంచి 24 నెలల ముందుచూపుతో, ఒక్కొక్క వస్తువును కాక వస్తువుల కుటుంబాలను లెక్కలోకి తీసుకొని ఈ చక్రం నెలనెలా తిరుగుతుంది.

దీని వెనుక ఉన్న అనుభవం చిన్నదేమీ కాదు. అమ్మకాలవారు ఎక్కువ సరుకు కావాలంటారు, తయారీవారు మారని వేగాన్ని కోరుకొంటారు, ఆర్థిక విభాగంవారు నిల్వలో డబ్బు ఇరుక్కోకూడదంటారు. ఎవరి లెక్క వారిదైతే సంస్థలో మూడు భవిష్యత్తులు ఉంటాయి. దుకాణంలో కనిపించిన చిన్న పెరుగుదల, టోకు వ్యాపారి దగ్గరకు, అక్కడి నుంచి కర్మాగారానికి చేరేసరికి ఎన్నో రెట్లు ఉబ్బడాన్ని 1961లోనే జే ఫారెస్టర్ వివరించగా, 1997లో హౌ లీ బృందం దానిని కొరడా దెబ్బ పోలికతో ఉన్న పేరుతో ప్రసిద్ధం చేసింది. పిడి దగ్గర చెయ్యి కొద్దిగా కదిలితే కొస దగ్గర పెద్ద ఊపు వస్తుంది. ‘ఒకే అంకె, అందరికీ ఒకటే అంకె’ అన్న నినాదం ఈ రోగానికి మందుగా వచ్చింది.

సరఫరా వైపు చిక్కులకు శంషాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 2021 మే 1న రష్యా నుంచి స్పుత్నిక్ టీకా తొలి విడతగా లక్షన్నర మోతాదులు ఈ విమానాశ్రయంలో దిగాయి. రెండవ కరోనా ఉద్ధృతి రోజులవి. గిరాకీకి కొదవ లేదు. అయితే ఆ టీకా మొదటి మోతాదూ రెండవ మోతాదూ ఒకే మందు కాదు. రెండవ భాగం తగినంత అందేదాకా దిగుమతి చేసుకొన్న డాక్టర్ రెడ్డీస్ పూర్తిస్థాయి పంపిణీకి ఆగవలసివచ్చింది. మొదటి భాగం ఎంత ఉందన్నది అక్కడ లెక్కకు రాదు. కొరతగా ఉన్న రెండవ భాగమే అసలు సామర్థ్యం. పాఠ్యగ్రంథం పది పుటల్లో చెప్పేది ఈ ఒక్క ఉదంతంలో ఉంది.

3. ‘అంచనా’: పదం, పని

ఆంగ్లంలో జోస్యానికీ వెలకట్టడానికీ వేరువేరు మాటలు ఉన్నాయి. తెలుగులో రెండింటికీ ‘అంచనా’ ఒక్కటే. వర్షపాతం అంచనా, ఎన్నికల ఫలితాల అంచనా, ఇల్లు కట్టడానికి అయ్యే ఖర్చు అంచనా, ఎదుటి మనిషి తాహతుపై అంచనా. పరిభాషను తయారుచేసేవారికి ఇది లోపంగా కనిపిస్తుంది. ‘పూర్వానుమానం’ వంటి సంస్కృత సమాసాలు ఆ లోపాన్ని పూడ్చడానికి వచ్చినవే. ఈ వ్యాసకర్త దృష్టిలో అది లోపం కాదు. ఆ పదం చరిత్ర చూస్తే కారణం తెలుస్తుంది.

పూర్వపు భూమిశిస్తు వ్యవస్థలో అంచనా అంటే కోతకు ముందు నిలువు పైరును చూసి పంట ఎంత వస్తుందో వెలకట్టడం. ఆ పని చేసేవాడు అంచనాదారు. అతడు గట్టుమీద నిలబడి చెప్పిన అంకెను బట్టి సర్కారు వాటా నిర్ణయమయ్యేది. అంకె పెరిగితే రైతుకు మిగిలేది తగ్గుతుంది, అంకె తగ్గితే ఖజానాకు చేరేది తగ్గుతుంది. అంటే అది పంట గురించిన జోస్యమే కాక, పంట మీద హక్కు ప్రకటన కూడా. అంచనాదారు ఎవరి మనిషి, ఎవరి భోజనం తిన్నాడు, ఎవరికి లోబడ్డాడు అన్న ప్రశ్నలు ఆ అంకెకు ఎప్పుడూ అంటిపెట్టుకొని ఉండేవి. వడ్లు కొలిచాక కూడా గట్టుమీద పలికిన అంకెతోనే రైతు తగువులాడవలసివచ్చేది.

ఆధునిక ప్రణాళికా గ్రంథాల్లో ఈ రెండవ అర్థం కనిపించదు. అక్కడ అంచనా ఒక గణన మాత్రమే. గత మూడేళ్ల అమ్మకాలు, పండుగల ప్రభావం, ధరల మార్పు, వీటన్నిటినీ యంత్రంలో పోస్తే అంకె వస్తుంది. ఆ అంకెలో తప్పు ఎంతో కొలవడానికి సూత్రాలు ఉన్నాయి. కానీ అమ్మకాల అధికారికి లక్ష్యాన్ని బట్టి బహుమానం ఉంటే అతడు తక్కువ చెబుతాడు, సరుకు దొరకదేమోనన్న భయం ఉంటే ఎక్కువ చెబుతాడు. ఈ సంగతి గ్రంథకర్తలకు తెలియనిది కాదు. దానిని ‘పక్షపాతం’ అని పేర్కొని, సరిదిద్దవలసిన దోషాల పట్టికలో చేరుస్తారు. అంచనాదారు చరిత్ర తెలిసిన తెలుగు పాఠకునికి అది దోషం కాదు, ఆ పని స్వభావమే అనిపిస్తుంది. అంకె పలికినవాడికి ఆ అంకెలో వాటా ఉంటుంది.

‘గిరాకీ’ సంగతీ ఇలాంటిదే. అర్థశాస్త్ర పాఠ్యపుస్తకంలో అది ధరతోపాటు మారే ఒక వక్రరేఖ. విమానాశ్రయం బయట వరుసలో నిలబడ్డ క్యాబ్ డ్రైవర్ నోట అది మనిషి. గిరాకీ వచ్చిందా, గిరాకీ దొరకలేదు, గిరాకీ పోయింది అంటాడు. తెలంగాణ వాడుకలో కొనుగోలుదారూ కొనుగోలూ ఒకే మాటలో ఇమిడి ఉన్నారు. ప్రణాళికా పత్రంలో గిరాకీ తగ్గితే గడిలో అంకె మారుతుంది. డ్రైవర్ మాటలో గిరాకీ తగ్గితే ఆ రోజు మనిషి రాలేదు.

4. శీతకాల షెడ్యూలు

విమానయాన సంస్థలు తమ పనిని ‘అమ్మకాలు, కార్యకలాపాల ప్రణాళిక’ అనే పేరుతోనే చేస్తాయని చెప్పడం లేదు. అక్కడ షెడ్యూలు ప్రణాళిక, విమానాల కేటాయింపు, సిబ్బంది రోస్టరు అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. అయితే పని అదే: ఎన్ని సీట్లు అమ్ముడుపోతాయి, వాటిని మోయడానికి ఎన్ని విమానాలు, ఎందరు పైలట్లు ఉన్నారు అన్న రెండు లెక్కలను కలపడం. పైగా ఇక్కడ చిక్కు మరింత బిగుసుకొంటుంది. సబ్బుల కర్మాగారం వేసవిలో తయారుచేసి చలికాలంలో అమ్ముకోవచ్చు. బయలుదేరిన విమానంలోని ఖాళీ సీటును దాచుకొనే గిడ్డంగి లేదు. కర్మాగారానికి అత్యవసర నిల్వ ఎలాంటిదో విమానయానానికి విధుల కోసం సిద్ధంగా ఇంటివద్ద వేచి ఉండే పైలటు అలాంటివాడు. అతడు ఎగరని రోజున లెక్కల్లో వృథా ఖర్చుగా కనిపిస్తాడు. సామర్థ్యాన్ని పిండుకోవాలనుకొనే సంస్థ కన్ను మొదట పడేది అతనిమీదే.

2025 డిసెంబరు మొదటి వారంలో దేశంలోని అతిపెద్ద విమానయాన సంస్థ ఇండిగో కుదేలైంది. డిసెంబరు 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. 3 నుంచి 5 వరకు మూడు రోజుల్లో 2,507 విమానాలు రద్దై, 1,852 ఆలస్యమై, మూడు లక్షలమందికి పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తేల్చింది. తీవ్రంగా దెబ్బతిన్న విమానాశ్రయాల్లో శంషాబాద్ ఒకటి. కొచ్చి విమానం గంటల తరబడి ఆలస్యం కావడంతో అయ్యప్ప దీక్షాపరులు ఇక్కడ నిరసనకు దిగిన వార్త తెలుగువారందరికీ గుర్తుండే ఉంటుంది.

ఆ చివరి వివరాన్ని కొంచెం ఆగి చూడాలి. కార్తిక మాసం నుంచి మకర సంక్రాంతి దాకా మాలధారులు శబరిమలకు వెళ్తారు. నలభై ఒక్క రోజుల దీక్ష ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పంచాంగం చూసే ప్రతివారికీ తెలుసు. హైదరాబాద్ నుంచి కొచ్చికి ఆ నెలల్లో ఉండే రద్దీ కంటే కచ్చితంగా ముందే తెలిసే గిరాకీ మరొకటి ఉండదేమో. అంటే ఆ రోజు తప్పింది గిరాకీ అంచనా కాదు.

తప్పింది సరఫరా వైపు. పైలట్ల విధుల, విశ్రాంతి నియమాలను డీజీసీఏ 2024 జనవరిలో సవరించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రివేళ దిగే విమానాల పరిమితి ఆరు నుంచి రెండుకు తగ్గింది. సంస్థల అభ్యంతరాలు, ఢిల్లీ హైకోర్టులో పైలట్ల సంఘాల వ్యాజ్యం తరువాత ఈ నియమాలు 2025 జూలై 1న కొంత, నవంబరు 1న మిగిలినవి అమలులోకి వచ్చాయి. ప్రకటనకూ పూర్తి అమలుకూ మధ్య 22 నెలలు. ప్రణాళికా గ్రంథాలు చెప్పే 18 నుంచి 24 నెలల ముందుచూపు సరిగ్గా ఇంతే. ఇంత చక్కగా గ్రంథానికి సరిపోయే వ్యవధి దొరకడం అరుదు.

ఆ వ్యవధిలో అమ్మకాల వైపు ఏమి జరిగింది? డీజీసీఏ ఉత్తర్వులో ఉన్న అంకెలు చెబుతాయి. 2025 శీతకాల షెడ్యూలులో ఇండిగోకు వారానికి 15,014 విమానాలకు అనుమతి లభించింది. అది ముందు ఏడాది శీతకాలం కంటే 9.66 శాతం, అదే ఏడాది వేసవి కంటే 6.05 శాతం ఎక్కువ. వేసవిలో 351 విమానాలతో నడిపిన పనికి శీతకాలంలో 403 విమానాలు అందుబాటులో ఉంటాయన్న లెక్కపై ఈ అనుమతి ఇచ్చారు. వాస్తవంగా నడిపినవి అక్టోబరులో 339, నవంబరులో 344. నవంబరులో అనుమతి పొందిన 64,346 ప్రయాణాల్లో జరిగినవి 59,438. విశ్రాంతి పెరిగి పైలట్ గంటలు తగ్గే నెలలోనే అమ్మకాల లెక్క పెరిగింది. రెండు గీతలు ఒకే తేదీ దగ్గర ఎదురుబొదురుగా నడిచాయి.

దీనిపై ఒక సమాధానం రావచ్చు. ప్రణాళికా విధానం సరిగా అనుసరించకపోవడం వల్లనే ఇది జరిగింది, అనుసరించి ఉంటే సన్నాహక సమావేశంలోనే బయటపడేది, కాబట్టి విధానాన్ని తప్పుపట్టలేము అని. ఇందులో నిజం ఉంది. 2026 జనవరిలో 22.20 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ డీజీసీఏ ఎత్తిచూపిన కారణాల్లో వనరులను అతిగా పిండుకోవడం, నియమాలకు తగిన సన్నద్ధత లేకపోవడం, నిర్వహణ యంత్రాంగంలో లోపాలు ఉన్నాయి. ఇవన్నీ ప్రణాళిక లేని సంస్థ లక్షణాలు కావు. ఖాళీ గంటను సైతం వదలకుండా లెక్కగట్టిన సంస్థ లక్షణాలు. అతిగా పిండుకోవడం ప్రణాళికకు వ్యతిరేకపదం కాదు. అది ఒక రకపు ప్రణాళిక. ఖాళీగా ఉన్న పైలటును నష్టంగా చూసే పట్టికలో, ఆ ఖాళీ నివారించిన నష్టం ఎక్కడా నమోదు కాదు. జరగని సంక్షోభానికి గడి లేదు.

మరొక సంగతి. సంక్షోభం తరువాత ప్రభుత్వం టికెట్ల ధరలకు దూరాన్ని బట్టి గరిష్ఠ పరిమితి విధించింది, ఇండిగో విమానాల్లో పది శాతం కోత పెట్టించింది. అదే సమయంలో కొత్త విశ్రాంతి నియమాల్లో కొన్నింటి నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. అమ్మకాల లెక్కకూ సామర్థ్యపు లెక్కకూ పొసగనప్పుడు సవరించవలసింది ఏది అన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఒకటి పైలటు నిద్ర. అంచనాదారు పలికిన అంకెకు సరిపోయేలా వడ్లను మళ్లీ కొలిచినట్లుంది.

5. ఏకాభిప్రాయం అనే మాట

ఈ విధానంలో అత్యంత గౌరవం పొందిన పదం ‘ఏకాభిప్రాయం’. అన్ని విభాగాలూ చర్చించి ఒకే అంకెకు అంగీకరించాలి, అంగీకరించిన తరువాత దాని గెలుపోటములు అందరివీ. వినడానికి పంచాయితీ సంప్రదాయంలా ఉంటుంది. అయితే పంచాయితీలో ఫిర్యాది ఉంటాడు, ముద్దాయి ఉంటాడు, వారి ఎదుటనే తీర్పు చెబుతారు. ప్రణాళికా సమావేశంలో అమ్మకాలు, తయారీ, ఆర్థిక విభాగాల అధికారులు ఉంటారు. అంకెను మోసేవారు ఉండరు. రోస్టరులో ఉన్న పైలటు, కౌంటరు దగ్గర నిలబడి మూడు రోజులు ప్రయాణికుల కోపాన్ని భరించిన ఉద్యోగిని, సామాను ఎత్తి దించే ఒప్పంద కార్మికుడు అక్కడ ఒక్క వాక్యం పలకరు. వారు ఆ సమావేశంలో ‘సామర్థ్యం’ అనే నామవాచకంగా మాత్రమే హాజరవుతారు.

అందరి అంకె అన్నప్పుడు తప్పు కూడా అందరిదవుతుంది. తిలాపాపం తలా పిడికెడు. పిడికెడు పాపం ఎవరికీ బరువుగా ఉండదు. అంచనాదారు కనీసం ఊరివారికి ముఖం చూపవలసివచ్చేది. సమావేశపు మినిట్సులో మాత్రం ‘నిర్ణయించడమైనది’, ‘అంగీకరించడమైనది’ అనే కర్త లేని వాక్యాలే ఉంటాయి. తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని వ్యాకర్తలు చెబుతూ వచ్చారు. కార్యాలయ భాషలో మాత్రం అది బాగా ఇమిడిపోయింది. ఎవరు అంగీకరించారో చెప్పకుండా అంగీకారాన్ని నమోదు చేసే సదుపాయం దానివల్ల కలుగుతుంది.

6. విమానాశ్రయమే ఒక అంచనా

శంషాబాద్ విమానాశ్రయం 5,495 ఎకరాల్లో ఉంది. ప్రైవేటు సంస్థ జీఎంఆర్‌కు అధిక వాటా, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ పక్షాలకు చెరి 13 శాతం వాటాలతో ఇది మొదలైంది. 2008లో ఏటా కోటీ ఇరవై లక్షల మందికి సరిపడే టెర్మినల్ కట్టారు. 2015–16 నాటికే ప్రయాణికులు ఆ హద్దును దాటారు. 2018లో తాత్కాలిక అంతర్జాతీయ నిష్క్రమణ టెర్మినల్ తెరవవలసివచ్చింది. 2018–19లో సంఖ్య రెండు కోట్లు దాటింది. టెర్మినల్‌ను 3 కోట్ల 40 లక్షల సామర్థ్యానికి విస్తరించే పని సాగుతుండగా కరోనా వచ్చి, 2020–21లో రాకపోకలు సుమారు 80 లక్షలకు పడిపోయాయి. 2023–24లో మళ్లీ రెండున్నర కోట్లకు చేరాయి.

ఈ అంకెల్లో రెండు రకాల అంచనాలు ఉన్నాయి. టెర్మినల్ కట్టడంలో సంస్థ ఆచితూచి అడుగువేసింది. గిరాకీ వచ్చాక కట్టింది, ఇరుకును కొన్నేళ్లు ప్రయాణికులు భరించారు. భూమి విషయంలో అలా కాదు. కోటీ ఇరవై లక్షల మందికి కావలసినంత భూమితో సరిపెట్టుకోలేదు. దశాబ్దాల తరువాత రాబోయే నాలుగు కోట్లమందిని దృష్టిలో పెట్టుకొని మొదటనే సేకరించారు. విమానాశ్రయానికి అలా ముందుచూపు ఉండటం అవసరమే, రన్‌వేను అంగుళం అంగుళంగా పెంచలేము. నా అభ్యంతరం ముందుచూపు మీద కాదు. కాంక్రీటు ఖర్చు తనదైనప్పుడు నెమ్మదిగా, ఆధారం చూసుకొని పెరిగిన అంచనా, భూమి ఇతరులదైనప్పుడు ఒక్కసారిగా పూర్తి ఎత్తుకు లేచింది. గట్టుమీద అంచనాదారు మనకు ఇక్కడా కనిపిస్తాడు.

గిరాకీ నూటికి నూరుపాళ్లు ముందే తెలిసిన సందర్భంలో ఏమవుతుందో చూడటానికి సిరిసిల్ల వైపు వెళ్లాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండుగకు చీరల పంపిణీ ప్రారంభించింది. కొనుగోలుదారు ఒక్కరే, కావలసినవి సుమారు కోటి చీరలు, గడువు పండుగ. ఇంత స్పష్టమైన గిరాకీ ఏ సంస్థకూ దొరకదు. అయినా తొలి ఏడాది సమయం చాలక పెద్దమొత్తంలో సూరత్ నుంచి తెప్పించారు, నాణ్యతపై మహిళలు నిరసన తెలిపారు. తరువాతి ఏళ్లలో మరమగ్గాలు ఆ పనికి అలవాటుపడ్డాయి. అలవాటుపడిన సామర్థ్యానికి ఉన్న ప్రమాదం 2024లో తెలిసింది. ఆ పథకం ఆగింది. మగ్గం ఆగలేదు, మగ్గానికి పని ఆగింది. స్వయం సహాయక బృందాల మహిళల చీరల ఆర్డరు వచ్చేదాకా ఆ విరామాన్ని ఎవరు భరించారు అన్నది ప్రణాళికా పత్రాల్లో ఉండదు. కర్మాగారపు భాషలో అది ‘వినియోగం కాని సామర్థ్యం’. నేతకార్మికుని ఇంట్లో దానికి వేరే పేరు ఉంది.

7. పదజాలం గురించి

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయంతో మొదలై, 1971లో చేనేతకు చేరింది. పరిభాషను గదిలో కూర్చుని కల్పించకుండా, పనిచేసేవారి నోటినుంచి సేకరించాలన్నది ఆ కృషికి ఆధారం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వాణిజ్య శాస్త్రానికి పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదాలు ఇచ్చింది. ఈ రెండు దారులూ కలవలేదు. వృత్తిపదకోశం గిడ్డంగి దాకా రాలేదు, వాణిజ్య పరిభాష గిడ్డంగిలో వినబడలేదు. ఫలితంగా ప్రణాళిక ఆంగ్లంలో తయారవుతుంది, కింది అంచెకు తెలుగులో ఆదేశంగా మాత్రమే చేరుతుంది: ఇవాళ ఇంత లోడు, రేపు సెలవు లేదు. ఆ అంకె ఎలా వచ్చిందని అడగడానికి కావలసిన మాటలు ఆ రెండు భాషల మధ్య ఎక్కడో నిలిచిపోతాయి.

శంషాబాద్ సరుకు రవాణా కేంద్రంలో, విమాన మరమ్మతు షెడ్డులో, క్యాబ్‌ల వరుసలో ఇప్పుడు ఒక కొత్త వృత్తిభాష తయారవుతూ ఉంది. లోడింగు, షార్టేజి, రోస్టరు, స్టాండ్‌బై వంటి మాటలు గిరాకీ, బేరం, నాగా, వంతు వంటి పాతవాటితో కలిసి నడుస్తున్నాయి. వీటికి సంస్కృత సమాసాలు కట్టడం కంటే, వీటిలో ఏ మాట ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటారో నమోదు చేయడం తక్షణావసరం. ఉదాహరణకు ‘షార్టేజి’ని మేనేజరు సరుకు కొరత అనే అర్థంలో వాడతాడు, లెక్క తగ్గినప్పుడు జీతంలో కోత పడే సందర్భంలో అదే మాట కార్మికునికి అప్పు. ‘స్టాండ్‌బై’ పట్టికలో ఖర్చు. పైలటు ఇంట్లో ఫోను మోగవచ్చునన్న నిరీక్షణ. ఒకే ధ్వనికి రెండు అర్థాలున్న ఇలాంటి మాటలను ఆరోపాలు లేకుండా ఇరువైపుల నుంచీ సేకరించిన పదకోశం ఏదైనా ఉంటే, అందులో మొదటి ఆరోపంగా ‘అంచనా’ను చేర్చి, దాని కింద పలికినవారి పేరుకూ మోసినవారి పేరుకూ వేరువేరు గడులు ఉంచాలి.